ఎజిలిటీ, పనితీరు రెండూ ఒకే మేనేజర్ చెప్పినవైతే రివ్యూయర్‌ని ఒప్పించడం ఎలా?

సర్వేదారి (ప్రశ్న):
స్ట్రాటజిక్ ఎజిలిటీకి (మార్పులకు తగ్గట్టు సంస్థ త్వరగా దారి మార్చుకోగల చురుకుదనానికి), సంస్థ పనితీరుకు ఉన్న సంబంధం మీద నా పిహెచ్‌డి. సుమారు 180 తయారీ సంస్థల్లో సంస్థకొక సీనియర్ మేనేజర్ చొప్పున ఒకే ప్రశ్నావళి నింపారు. ఎజిలిటీకి 12 ప్రశ్నలు, పనితీరుకు 5, అన్నీ 7 పాయింట్ల లైకర్ట్ స్కేల్ మీదే. పనితీరు ప్రశ్నలు ‘పోటీదారులతో పోలిస్తే మీ లాభదాయకత ఎలా ఉంది’ తరహావి. హార్మన్ పరీక్షలో (ప్రశ్నలన్నిటినీ కలిపి, జవాబుల తేడాల్లో ఎంత వాటా ఒకే ఫ్యాక్టర్‌ది అని చూసేది) మొదటి ఫ్యాక్టర్ 34 శాతం వచ్చింది, 50 దాటలేదు కాబట్టి కామన్ మెథడ్ బయాస్ (రెండు అంశాలనూ ఒకే మనిషితో, ఒకే పద్ధతిలో కొలవడం వల్ల వాటి సంబంధంలో వచ్చే వక్రీకరణ) లేదని రాశాను. రివ్యూయర్ ‘ఇది చాలదు’ అన్నారు. ఇంకే పరీక్ష చేరిస్తే ఒప్పుకుంటారు?

కొలమానం:
చేర్చాల్సింది ఇంకో పరీక్ష కాదండీ, ఇంకో డేటా. హార్మన్ పరీక్షకు ఆ పని చేసే శక్తి లేదు. ప్రశ్నావళిలో వేర్వేరు అంశాలు పెరిగేకొద్దీ మొదటి ఫ్యాక్టర్ వాటా దానంతటదే తగ్గుతుంది, బయాస్ ఉన్నా సరే. అంశాల మధ్య నిజంగానే గట్టి సంబంధం ఉంటే బయాస్ లేకపోయినా పెరుగుతుంది. అందుకే 34 శాతం అనే అంకె ఎటూ తేల్చదు. ఈ పరీక్ష బయాస్‌ని ఏమాత్రం సరిదిద్దదని పోడ్సకాఫ్ బృందం 2003లోనే రాసింది.

మీ డిజైన్‌లో అసలు భయం వేరే ఉంది. సంస్థ లాభాల్లో ఉందని మేనేజర్‌కి ముందే తెలుసు. ఆ సంతృప్తితోనే ‘మేం చాలా చురుగ్గా మారతాం’ అనే ప్రశ్నకు 6, 7 వేస్తారు. అప్పుడు పనితీరు వల్ల ఎజిలిటీ మార్కులు పెరిగినట్టు, మీరు చెప్తున్న దానికి సరిగ్గా తలకిందులు.

కాబట్టి ప్రచురిత ఆర్థిక నివేదికలు దొరికే సంస్థలన్నిటికీ ఆర్‌ఓఏ (ఆస్తులపై రాబడి) లెక్కగట్టండి: నిర్వహణ లాభాన్ని, ఏడాది మొదటి, చివరి మొత్తం ఆస్తుల సగటుతో భాగించాలి. సర్వే జరిగిన ఏడాదిది కాదు, ఆ తర్వాతి పూర్తి ఆర్థిక సంవత్సరానిది తీసుకోండి. దాంట్లోంచి అదే పరిశ్రమ మీడియన్ (మధ్య విలువ) తీసేయండి. సర్వేకి ముందటి ఏడాది ఆర్‌ఓఏని కంట్రోల్‌గా (దాని ప్రభావాన్ని విడదీసి చూసేందుకు) మోడల్‌లో పెట్టండి, లేకపోతే ‘బాగున్న సంస్థే చురుగ్గా ఉండగలదు’ అనే అభ్యంతరం అలాగే మిగులుతుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే: మేనేజర్ జవాబిచ్చింది ఒక డివిజన్ గురించి, నివేదికలో అంకె గ్రూపు మొత్తానిది. అలాంటి సంస్థలను విడిగా గుర్తించి, వాటిని తీసేసి కూడా మోడల్ నడపండి.

పట్టిక_ప్రియ:
నివేదికలు కొన్నిటికే దొరికినా వదలొద్దు. ఆ కొన్నిటిలో మేనేజర్ చెప్పిన పనితీరుకు, ఆర్‌ఓఏకి కోరిలేషన్ (రెండూ ఎంతవరకు కలిసి మారతాయో చెప్పే అంకె) చూపించండి. పరిమాణం, వయసు విషయంలో అవి మిగతా సంస్థలకు భిన్నంగా లేవని కూడా చూపించాలి.

రెండో దారి, అదే సంస్థల్లో ఫైనాన్స్ చూసేవారికి పనితీరు ప్రశ్నలు ఐదే పంపడం. ఐదు ప్రశ్నలకు జవాబు రావడం తేలిక. ఇద్దరితో ఒకే అంశం కొలిపించి సగటు తీస్తే మాత్రం ఐసీసీ (వాళ్ల జవాబులు ఎంతవరకు కలుస్తున్నాయో చెప్పే కొలత) అడుగుతారు. ఒక్కరి జవాబు ఎంత నమ్మదగిందో చెప్పే ఐసీసీ(1) 0.25 ఉన్నా, ఇద్దరే ఉంటే వాళ్ల సగటు ఎంత నమ్మదగిందో చెప్పే ఐసీసీ(2) 0.40 దగ్గరే ఆగిపోతుంది. ఎజిలిటీ ఒకరి నుంచి, పనితీరు మరొకరి నుంచి తీసుకుంటే ఆ గొడవే లేదు.

బయాస్ ఎంతుందో అంచనా వేసే మార్కర్ వేరియబుల్ ఏమైనా పెట్టారా? సిద్ధాంతపరంగా మిగతావాటితో సంబంధం లేని అంశం ప్రశ్నావళిలో ముందే ఉండాలి. ఉంటే సవరణ సులువు: అసలు కోరిలేషన్ 0.46, మార్కర్‌ది 0.10 అనుకుంటే, 0.46లోంచి 0.10 తీసేస్తే వచ్చే 0.36ని, 1లోంచి 0.10 తీసేస్తే వచ్చే 0.90తో భాగిస్తే 0.40. ఫలితాలొచ్చాక అన్నిటికన్నా చిన్న కోరిలేషన్ ఏరుకుని అదే మార్కర్ అంటే మాత్రం నమ్మడం కష్టం.

సర్వేదారి:
మార్కర్ లేదండి. మార్కెట్ ఒడిదుడుకులు మోడరేటర్‌గా (ఎజిలిటీ, పనితీరు సంబంధాన్ని పెంచే లేదా తగ్గించే అంశంగా) ఉంది. ఎజిలిటీ ప్రశ్నల్లో ఒకటి ఇలా ఉంది: ‘మార్పులకు త్వరగా స్పందించి పోటీదారులకన్నా ముందుంటాం.’

వ్యూహపాఠి:
మోడరేటర్ ఉండటం మీకు మేలు. సీమ్సెన్, రాథ్, ఒలివేరా 2010లో చూపించినట్టు, ఇంటరాక్షన్ (మోడరేటర్‌ని బట్టి సంబంధం మారడం) అసలు లేనిచోట కామన్ మెథడ్ వేరియన్స్ (బయాస్‌కి మూలమైన, కొలిచే పద్ధతి వల్ల వచ్చే తేడా) దాన్ని పుట్టించజాలదు, ఉన్నదాన్ని తగ్గించి చూపగలదు. కనక మోడరేషన్ హైపాథసిస్ తేలితే రివ్యూయర్‌కి అదే మీ గట్టి జవాబు. అయితే అది మొదటి నుంచీ మీ సిద్ధాంతంలో ఉన్నదై ఉండాలి, ఫలితం చూశాక ముందుకు జరిపింది కాకూడదు. 180 సంస్థలతో ఇంటరాక్షన్ ఉంటే దాన్ని పట్టుకునే పవర్ (గణాంక శక్తి) తక్కువని కూడా రాయండి.

ఇక ఆ ప్రశ్న. అందులో ‘త్వరగా స్పందించి’ ఎజిలిటీ, ‘ముందుంటాం’ పనితీరు. రెండూ ఒకే వాక్యంలో కలిశాయి, పైగా మీ పనితీరు ప్రశ్నల్లోనూ ‘పోటీదారులతో పోలిస్తే’ అనే మాటే ఉంది. కోరిలేషన్‌లో కొంత భాగం ఈ ఒక్క వాక్యమే తెచ్చిపెడుతుంది. మిగతా 11 ప్రశ్నల్లోనూ గెలుపు, లాభం, ఆధిక్యం ధ్వనించేవి ఏరి పక్కన పెట్టండి. తీసేశాక కాంపోజిట్ రిలయబిలిటీ (ప్రశ్నలన్నీ ఒకే అంశాన్ని నిలకడగా కొలుస్తున్నాయా అనేది) 0.70కి, ఏవీఈ (ప్రశ్నల తేడాల్లో సగటున ఎంత వాటాను ఆ అంశం వివరిస్తుందో) 0.50కి పైన నిలుస్తున్నాయో లేదో, ఎజిలిటీ, పనితీరు మధ్య హెచ్‌టీఎంటీ (రెండు అంశాలూ నిజంగా వేర్వేరేనా అని చూసే కొలత) 0.85 లోపు ఉందో లేదో మళ్లీ చూడండి. ఎజిలిటీ నుంచి పనితీరుకు, తీయకముందు వచ్చిన పాత్ కోఎఫిషియంట్‌నీ (ప్రభావం ఎంతో చెప్పే అంకెనీ) తీశాక వచ్చినదాన్నీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి రివ్యూయర్‌కి పంపండి.