ఎలక్ట్రానిక్ వస్త్రాలలో పీహెచ్‌డీ: ఈసీఈ విభాగంలో చేరాలా, టెక్స్‌టైల్ విభాగంలో చేరాలా?

సాంచాల_సవ్వడి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఈసీఈలో బీటెక్, వీఎల్ఎస్ఐ (చిప్పుల రూపకల్పన)లో ఎంటెక్ చేసి, మూడేళ్లుగా ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. మాది సిరిసిల్ల. ఇంట్లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య పెరిగినా, బట్టకూ నా చదువుకూ సంబంధం ఉంటుందని నిరుటి వరకూ అనుకోలేదు.

నిరుడు మా విద్యార్థుల చేత ఛాతీకి కట్టుకునే ఈసీజీ పట్టీ ఒకటి చేయించాను. వెండి పూత ఉన్న నైలాన్ దారంతో ఎలక్ట్రోడులు కుట్టించి, వాటిని టిచ్ బటన్ల ద్వారా సర్క్యూట్‌కు కలిపాము. మనిషి కూర్చుని ఉన్నంతసేపూ తరంగం పుస్తకంలో బొమ్మలాగా వచ్చింది; లేచి నాలుగు అడుగులు వేయగానే గుండె ఏదో, కదలిక ఏదో తెలియకుండా పోయింది. మూడు ఉతుకులయ్యాక అదీ రాలేదు. యాంప్లిఫయరు, ఫిల్టరు అన్నీ సరిగానే ఉన్నాయి. టిచ్ బటన్ అంచున దారం మీది పూత అరిగిపోయి నిరోధం వందల రెట్లు పెరిగింది. నాకు వచ్చిన చదువుతో అక్కడి నుంచి ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేకపోయాను.

ఈ విషయం మీదే, అంటే సర్క్యూట్‌ను బట్టలోనే ఇమిడ్చే ఎలక్ట్రానిక్ వస్త్రాల మీదే, పీహెచ్‌డీ చేసి, ఆ తరువాత బోధన, పరిశోధనలలోనే ఉండిపోవాలని ఉంది. అయితే మా విభాగంలో అడిగితే ఇది కుట్టుపని అన్నారు. టెక్స్‌టైల్ వారిని అడిగితే మీకు నూలు గురించి ఏమి తెలుసు అన్నారు. ఏ విభాగంలో చేరడం మంచిది? రేపు అధ్యాపక ఉద్యోగానికి ఏ గుమ్మం తట్టాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

అల్లిక_యంత్రం

నేను ఈసీఈ చదివి, టెక్స్‌టైల్ విభాగంలో పీహెచ్‌డీ చేసి, ప్రస్తుతం ఇంగ్లండులో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తరువాతి పరిశోధనలో) ఉన్నాను. మీ పట్టీ ఎక్కడ చెడిందో చదవగానే నవ్వు వచ్చింది, ఎందుకంటే నా పరిశోధనలో మొదటి రెండేళ్లు ఆ టిచ్ బటన్ అంచునే గడిచిపోయాయి. ఈ రంగంలో సర్క్యూట్ చెడేది తక్కువ, బట్ట చెడేది తక్కువ. గట్టి వస్తువు మెత్తని వస్తువును అంటుకునే చోటనే దాదాపు అన్నీ చెడతాయి. బట్ట వంగుతుంది, బటన్ వంగదు, కాబట్టి వంపు అంతా బటన్ అంచున ఉన్న ఆ ఒక్క మిల్లీమీటరు దారం మీదే పడుతుంది. నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయంలో తిలక్ డయాస్ బృందం చిన్న చిప్పును సన్నని రాగి తీగకు టంకం పెట్టి, రెజిన్‌తో కప్పి, చుట్టూ నూలు పోగులు చుట్టి, చివరికి దాన్ని మామూలు దారంలాగా నేతకు పనికివచ్చేటట్లు చేసింది కూడా ఈ సమస్యను తప్పించడానికే.

టెక్స్‌టైల్ విభాగంలో చేరినందుకు నాకు దొరికింది యంత్రం. అల్లిక బట్టలో విద్యుత్తు దారం పొడవునా మాత్రమే ప్రవహించదు; ఒక ఉచ్చు పక్క ఉచ్చును తాకే ప్రతి చోటా దానికి ఇంకొక దారి దొరుకుతుంది. బట్టను లాగితే ఆ తాకిడి మారుతుంది, నిరోధం మారుతుంది. వదిలిన తరువాత మునుపటి విలువకు వెంటనే తిరిగి రాదు. ఈ సంగతి సమీకరణంలో చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. ఉచ్చు పొడవును యంత్రం మీద నేనే కొద్దికొద్దిగా మారుస్తూ నలభై ముక్కలు అల్లిన తరువాత అర్థమైంది. అందుచేత మీరు గైడును ఎంచుకునేటప్పుడు ప్రచురణల జాబితా కంటే ముందు రెండు సంగతులు అడగండి: అల్లిక యంత్రాన్ని విద్యార్థి స్వయంగా నడపవచ్చునా, లేక టెక్నీషియన్ కోసం వారాల తరబడి ఎదురుచూడాలా? ఉతుకు పరీక్ష ఐఎస్ఓ 6330 (బట్టల ఉతుకు పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం చేస్తారా, లేక సింకులో ముంచి తీస్తారా? రెండో ప్రశ్నకు నీళ్లు నమిలిన చోట చేరకండి.

ఇంకొక మాట. ఈ విషయం మనకు పరాయిది కాదు. 1997లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌కు చెందిన రెహ్మీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ బట్ట మీద సర్క్యూట్ కట్టడానికి తీసుకున్నది పట్టు పడుగులో లోహపు రేకు చుట్టిన పేక నేసిన ఆర్గంజా అనే పలుచని గుడ్డ. పేకలో మాత్రమే లోహం ఉండటం వల్ల ఆ బట్టలో విద్యుత్తు పేక వెంబడి మాత్రమే నడుస్తుంది. పక్కపక్క పోగులు ఒకదానినొకటి తాకవు కాబట్టి ఒక్కొక్క పోగు ఒక్కొక్క తీగ అవుతుంది. మన వాళ్లకు అది జరీ. మీ దగ్గర మల్టీమీటరు (విద్యుత్తుకు దారి ఉంటే కూత పెట్టే కొలత పరికరం) ఉంటే మీ ఇంట్లోని పట్టుచీరల మీద ఒకసారి పెట్టి చూడండి.

పాత_మాస్టారు

అమ్మా, పై సభ్యుడు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు. ఉద్యోగం సంగతిలో మాత్రం నా అభిప్రాయం వేరు. ముప్పై ఏళ్లు టెక్స్‌టైల్ విభాగంలో పనిచేసి, ఎంపిక సంఘాలలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను.

ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి బీటెక్, ఎంటెక్ సంబంధిత శాఖలో ఉండాలి, ఆ రెంటిలో ఒకదానిలోనైనా ప్రథమ శ్రేణి ఉండాలి. మీ రెండు పట్టాలూ ఎలక్ట్రానిక్స్‌వే. మీరు టెక్స్‌టైల్‌లో ఎంత గొప్ప పీహెచ్‌డీ చేసినా, చాలా కళాశాలల్లో టెక్స్‌టైల్ పోస్టుకు మీ దరఖాస్తు పరిశీలన దశలోనే పక్కకు పోతుంది. ఈసీఈ పోస్టుకు వెళితే పీహెచ్‌డీ వేరే విభాగంలో ఎందుకు చేశారని అడుగుతారు. రెండు పడవల ప్రయాణమంటే ఇదే. పైగా టెక్స్‌టైల్ విభాగాలే మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. హైదరాబాదులో ఉస్మానియా సాంకేతిక కళాశాలలో టెక్స్‌టైల్ బీటెక్ ఉంది, వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది. పరిశోధన స్థాయిలో అయితే ఢిల్లీ ఐఐటీలోని టెక్స్‌టైల్, ఫైబర్ ఇంజనీరింగ్ విభాగం వైపు చూడవలసిందే. ఈసీఈ విభాగం లేని ఇంజనీరింగ్ కళాశాల ఎక్కడైనా ఉందా?

కాబట్టి నమోదు ఈసీఈలోనే చేయించుకుని, సహ పర్యవేక్షకుడిని టెక్స్‌టైల్ నుంచి తీసుకోండి. ఆ ఏర్పాటు నోటిమాటగా కాక, చేరిన మొదటి సంవత్సరంలోనే కాగితం మీద ఉండాలి. లేకపోతే మధ్యలో ఆయన బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా మీరు యంత్రం లేని గదిలో మిగులుతారు. అలా మిగిలిన ఒక విద్యార్థిని నేను చూశాను. ఐఐటీలలో కొంత వెసులుబాటు ఉంటుంది, అక్కడ పరిశోధనకే ఎక్కువ బరువు ఇస్తారు. కానీ ఆ ఒక్క ఆశ మీద అయిదేళ్ల జీవితాన్ని పెట్టమని నేను చెప్పను.

నిధులకు మాత్రం కాలం మునుపటికంటే మెరుగు. కేంద్ర ప్రభుత్వం 2020లో 1,480 కోట్ల రూపాయల అంచనాతో జాతీయ సాంకేతిక వస్త్రాల (వైద్యం, పరిశ్రమల వంటి ప్రత్యేక పనులకు వాడే బట్టల) మిషన్‌ను ఆమోదించింది. అందులో పరిశోధనకు ప్రత్యేక భాగం ఉంది. దరఖాస్తులో సర్క్యూట్ గురించి పది పేజీలు రాసి, నూలు గురించి ఒక్క పేరా రాసే ఎలక్ట్రానిక్స్ వారిని చూసి చూసి విసిగిపోయాను. మీరు ఆ పొరపాటు చేయకండి.

అల్లిక_యంత్రం

మాస్టారు గారు చెప్పిన నిబంధన నిజమే. అది తెలియకనే నేను మొదట మన దేశంలో రెండు చోట్ల దరఖాస్తు చేసి భంగపడ్డాను. అయినా ఒక సంగతి చెప్పాలి. సహ పర్యవేక్షకుడి యంత్రం మీద ఎప్పుడూ ఆయన విద్యార్థులదే మొదటి వంతు. మనం అతిథులం. దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

కుట్టు_కోడు

మూడో గుమ్మం ఒకటి ఉందని ఎవరూ చెప్పలేదు. లియా బ్యూక్లీ కొలరాడో విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ పరిశోధన చేస్తూ, బట్టకు కుట్టుకోగలిగే మైక్రోకంట్రోలరు (చిన్న కంప్యూటరు చిప్పు) బోర్డును రూపొందించారు. 2007లో అదే లిలీప్యాడ్ ఆర్డుయినోగా బజారులోకి వచ్చింది. టెక్స్‌టైల్ వైపు నుంచి వచ్చినవారూ ఉన్నారు: జార్జియా టెక్‌లో 1990ల నడిమిలో సైనికుడికి తూటా ఎక్కడ తగిలిందో తెలిపే చొక్కాను తయారు చేసిన సుందరేశన్ జయరామన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన వస్త్ర శాస్త్రజ్ఞుడు. ఎవరు ఏ తలుపు నుంచి వచ్చినా చేరిన గది ఒక్కటే.

కంప్యూటర్ వైపు వస్తే ఒక చిక్కు ఉంది. ఇక్కడ మంచి పని సదస్సులలో అచ్చవుతుంది. ధరించే కంప్యూటర్ల అంతర్జాతీయ సదస్సు 1997 నుంచి జరుగుతోంది. మన కళాశాలల పదోన్నతి లెక్కల్లో మాత్రం జర్నల్ వ్యాసానికి ఉన్న విలువ సదస్సు పత్రానికి ఉండదు. నేను రెండిటికీ రాస్తాను, ఒకటి పనికోసం, ఒకటి ఫైలు కోసం. పరిశ్రమలోకి ఎప్పుడైనా వెళ్లవచ్చుననే ధీమా కూడా ఎక్కువగా పెట్టుకోకండి: తాకితే ఫోనుకు ఆదేశాలు పంపే బట్టను తయారు చేసే గూగుల్ జాకార్డ్ 2017లో లెవైస్ జాకెట్టుతో అంత ఆర్భాటంగా మొదలై, 2023లో మూతపడింది.

సాంచాల_సవ్వడి

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారూ, మీ మాట ప్రకారం ఈసీఈలోనే నమోదు చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. సహ పర్యవేక్షకుడి కోసం ఇద్దరికి ఉత్తరాలు రాశాను. ఉతుకు పరీక్ష గురించి ఇద్దరినీ అడిగాను. ఒకరు ఎప్పుడైనా వచ్చి యంత్రాన్ని చూసుకోమని జవాబిచ్చారు.

మల్టీమీటరు సంగతి కూడా చెప్పాలి. మా చెల్లెలి పెళ్లికి కొన్న చీర జరీ మీద పెడితే ఏ చప్పుడూ రాలేదు. అది లోహపు మెరుపు పూసిన ప్లాస్టిక్ రేకు అని నాన్న చెప్పారు. మా నాన్నమ్మ గద్వాల చీర కొంగులోంచి ఊడి వచ్చిన ఒక పోగు మీద పెట్టగానే కూత వచ్చింది, జానెడు పొడవుకు కొన్ని ఓములే ఉంది. అయితే పోగును పూర్తిగా చాచి రెండు కొసల మధ్య కొలిస్తే మళ్లీ మూగబోయింది. వెతికితే తెగిన చోటు సరిగ్గా చీర మడత పడిన చోటనే ఉంది: లోపలి పట్టు పోగు చెక్కుచెదరలేదు, పైన చుట్టిన వెండి రేకు మాత్రం విరిగింది. పట్టుచీరలను అప్పుడప్పుడూ తీసి మడతలు మార్చి పెట్టమని నాన్నమ్మ ఎందుకు పోరుతుందో ఇన్నాళ్లూ నేను అడగలేదు. ఎన్ని మడతలకు రేకు విరుగుతుంది, అదే వెండిని నైలాన్ మీద పూత పూస్తే ఎన్ని మడతలకు చెడుతుంది అన్న పోలికతోనే నా ప్రతిపాదన మొదలుపెడుతున్నాను. ఈసారి నూలు గురించి ఒక్క పేరాతో సరిపెట్టను, మాస్టారు గారూ.