గల్ఫ్ ఇళ్లలో వీడియో కాల్: దగ్గర చేసిందా, కాపలా పెట్టిందా?

జగిత్యాల పోరడు:
ఫోన్లు వచ్చాక గల్ఫ్‌కు, ఇంటికి దూరం తగ్గిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. మా బాపు దుబాయ్ నుంచి ఊరికొచ్చేవాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాడు, రెండు వైపులా మాటలే. మేం దాని మీదే మా ముచ్చట్లు నింపి తిప్పి పంపేవాళ్లం. ఏం చెప్పాలో నాలుగు రోజులు ఆలోచించుకునేవాళ్లు. ఇప్పుడు రోజూ కాల్, "తిన్నవా?", "తిన్న". అంతే.

పాత ఎస్టీడీ:
తమ్ముడూ, ఆ క్యాసెట్ ఎవరెవరు వినేవాళ్లో గుర్తుందా? టేప్‌రికార్డర్ చుట్టూ ఇల్లంతా. పెళ్లానికి చెప్పాల్సిన మాట అత్తమామల ముందు వినిపించేది. చదువు రానివాళ్లకు ఉత్తరం కూడా ఇంకొకరి నోటి నుంచే. ఇక మా బూత్‌లో ఐఎస్‌డీ చేసేవాళ్ల కన్నంతా మీటరు మీదే, ఏడవడానికి కూడా టైం ఉండేది కాదు. ఆలుమగలు చాటుగా మాట్లాడుకుంది సెల్‌ఫోన్ వచ్చాకే.

లక్ష్మి, నిజామాబాద్:
చాటు దొరికింది, నిజమే. కాపలా కూడా వచ్చింది కదన్నా. మా అత్తమ్మ కాలంలో జాబుకు జవాబు రావడానికి వారాలు పట్టేది. పొలం కౌలుకు ఇవ్వాలా, పిల్లను ఏ బడిలో వేయాలా, అన్నీ ఆమే తేల్చేది. దేశం పోయిన మామయ్యకు తర్వాత తెలిసేది. ఇప్పుడు నేను బోరు మోటార్ బాగు చేయించాలన్నా మెకానిక్ ముందే వీడియో ఆన్ చేసి మా ఆయనను అడగాలి. పైసలు పంపేది ఆయనే, కాదనను. అయితే అప్పుడూ మామయ్యే పంపేవాడు కదా!

షార్జా నుంచి:
అక్కా, ఇక్కడి సంగతి కూడా వినండి. యూఏఈలో వాట్సాప్ మెసేజ్ పోతుంది, కాల్ పోదు. అనుమతి ఉన్న యాప్‌లతోనే మాట్లాడాలి. సౌదీ 2017 సెప్టెంబర్‌లో ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధం సడలించింది, ఇక్కడ ఇంకా ఇలాగే. పైగా మాది అంతస్తుల మంచాల రూమ్. పక్కోడు వింటుంటే "తిన్నవా" తప్ప ఏం అడుగుతాం? మాటలు లేక కాదు.

జగిత్యాల పోరడు:
మరి వాయిస్ మెసేజ్ పెట్టొచ్చు కదా అన్నా? క్యాసెట్ లెక్కనే, బయట నడుస్తూ చెప్పుకోవచ్చు.

షార్జా నుంచి:
నేను పెడుతూనే ఉన్నా. ఇంట్లో వాళ్లు స్పీకర్‌లో పెట్టి అందరికీ వినిపిస్తున్నారు.

లక్ష్మి, నిజామాబాద్:
ఆ తప్పు మీ ఇంట్లోవాళ్లది, ఫోన్‌ది కాదు. నా ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. మోటార్ బాగు చేయించడానికి నేనెందుకు అడగాలి?