కందిచేనుకు బీటీ మందు, గట్టు పక్కన దసలి పట్టుపురుగులు

ప్రశ్న (సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా):
ప్రాణహిత ఒడ్డున మాకు రెండెకరాల కంది ఉంది. పూత మొదలైంది, పువ్వుల్లో శనగపచ్చ పురుగు పిల్లలు కనిపిస్తున్నాయి. దుకాణంలో బీటీ పొడి ఇచ్చి, ఇది నేలలో ఉండే బాక్టీరియాయే కాబట్టి మనిషికి, పశువుకు హాని లేదన్నారు. అయితే గట్టు దాటితే మద్దిచెట్లు. వాటిపై మా బాబాయి దసలి పట్టుపురుగులు మేపుతున్నారు, కాయ (పట్టుగూడు) కట్టడానికి ఇంకా పదిహేను రోజులు పడుతుంది. ఈ మందు కొట్టవచ్చునా?

జవాబు 1:
దయచేసి ఇప్పుడు కొట్టవద్దు. దుకాణదారు చెప్పింది నిజమే కానీ, అసలు విషయం చెప్పలేదు. బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ) అనే ఈ బాక్టీరియాను 1901లో జపాను శాస్త్రవేత్త ఇషివాతా మొదట గుర్తించిందే జబ్బుపడి చచ్చిన పట్టుపురుగుల్లో. 1911లో జర్మనీలో బెర్లినర్ దానిని పిండిపురుగులో మళ్ళీ కనుగొన్నారు, తురింజియా ప్రాంతం పేరు ఆ తరువాత వచ్చింది. ఇది సిద్ధబీజంగా మారేటప్పుడు పక్కనే ఒక ప్రోటీన్ స్ఫటికాన్ని తయారు చేసుకుంటుంది. ఆకుతోపాటు పురుగు దానిని మింగితే, క్షారగుణం గల పేగులో ఆ స్ఫటికం కరిగి, విషమై, పేగు గోడకు చిల్లులు పొడుస్తుంది. మన జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుంది, ఆ విషం అతుక్కునే చోటు మన పేగులో లేదు, అందుకే మనకు హాని లేదు. కానీ కందిని తినే పురుగు, దసలి పురుగు రెండూ రెక్కలపురుగుల ఒకే వర్గానికి చెందినవి కనుక దసలి పురుగుకూ ముప్పే.

జవాబు 2 (అహేరి తాలూకా):
మాకు ఈ నష్టం జరిగింది. పక్క చేనులో కొట్టిన బీటీ గాలికి మద్దిచెట్ల మీద పడింది. మరునాటికి పురుగులు మేత మానేశాయి. మూడోనాడు వెనుక కాళ్ళతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడాయి, ముట్టుకుంటే మెత్తగా, నల్లగా ఉన్నాయి. ఆ పంటకు ఒక్క కాయ కూడా చేతికి రాలేదు.

జవాబు 3 (రాయగడ, ఒడిశా):
శనగపచ్చ పురుగు కోసమే ఉన్న ఎన్‌పీవీ ద్రావణం అడగండి. అది ఆ పురుగుకు మాత్రమే సోకే వైరస్, పట్టుపురుగుల జోలికి రాదు. సాయంత్రం, పురుగు చిన్నదిగా ఉన్నప్పుడే కొట్టాలి, ఎందుకంటే ఎండ దాని శక్తిని చంపేస్తుంది. బీటీకీ ఇదే నియమం. చేనులో కొమ్మలు పాతితే పిట్టలు వాలి పురుగులను ఏరుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు:
పొడి పొట్లం విప్పలేదు. రేపు ఉదయం మొక్కల కింద పాత చీర పరిచి, కొమ్మలు వంచి దులిపి పురుగులను ఏరేస్తాము. ఎన్‌పీవీ కోసం మధ్యాహ్నం వెళతాను. బాబాయి కాయలు కోసిన తరువాతే బీటీ సంగతి చూస్తాము.