‘బోలెహ్’ అంటే చేయగలమనా, చేయవచ్చనా?

జకార్తావాసి: మలయ్, ఇండొనేషియా భాషలు ఒకటేనని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. ‘బోలెహ్’ అంటే అనుమతి. ‘బోలెహ్ మాసుక్?’ అంటే ‘లోపలికి రావచ్చా?’ అని. చేతనవుతుందని చెప్పాలంటే ‘బిసా’ ఉంది. ‘బిసా బెరెనాంగ్’ అంటే ఈత కొట్టగలను. మలేషియావాళ్లు రెండింటికీ ‘బోలెహ్’ వాడి భాషను చెడగొట్టారు.

కొబ్బరితోట: చెడగొట్టడమేమిటండీ? మాది మలేషియాలో, పేరాక్ రాష్ట్రంలోని బాగన్ డాటుక్. మా తాతల నోట విన్న ‘బోలెహ్’కు చేయగలమనే అర్థమూ ఉంది. 1990లలో ఊరూరా మోగిన ‘మలేషియా బోలెహ్’ నినాదానికి ‘మలేషియాకు అనుమతి ఉంది’ అని అర్థమా? మాకు ‘బిసా’ అంటే పాము విషం. మన ‘విషం’ లాగే అదీ సంస్కృతం నుంచి వచ్చిన మాట.

జకార్తావాసి: పాము విషాన్ని ఇక్కడా ‘బిసా ఉలార్’ అనే అంటారు. ఎవరూ పొరబడరు. పొరబడేది మీ ‘బోలెహ్’తోనే. కౌలాలంపూర్ నుంచి వచ్చిన సహోద్యోగి ఒకరు ‘ఎసోక్ సాయా తక్ బోలెహ్ దాతాంగ్’ అని సందేశం పంపారు. రేపు రాలేనని ఆయన ఉద్దేశం. ‘ఆయనను రావద్దన్నది ఎవరు?’ అని మేనేజరు నన్ను అందరిముందు నిలదీశారు.

భాషాప్రియ: మన ‘వచ్చు’ మాటేమిటి? ‘నాకు ఈత వచ్చు’, ‘లోపలికి రావచ్చు’, ‘రేపు వాన రావచ్చు’.

జకార్తావాసి: అది వేరు. ‘ఈత కొట్టవచ్చు’ అంటే ఈత తెలుసని ఎవరూ అనుకోరు.

చదువరి: చేయగలననడానికి ‘దాపత్’ అనే మాట కూడా ఉంది, దాన్ని అందరూ మరిచిపోయారు.

కొబ్బరితోట: రాజమండ్రిలో బంధువుల ఇంట నేను నోరు తెరిస్తే ‘ఇదేం తెలుగు?’ అన్నారు. ఇప్పుడు మా మలయ్ కూడా తప్పేనా? 1928లో ఇండొనేషియా యువకులు చేసిన ‘యువజన ప్రతిజ్ఞ’లో ‘బహాసా ఇండొనేషియా’ అని పేరు పెట్టుకున్నది మలయ్ పునాదిగా ఉన్న భాషకే కదా!

జకార్తావాసి: ‘చెడగొట్టారు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కౌలాలంపూర్‌లో ఉన్న రెండేళ్లూ మా పాప ‘బిసా’ అన్నప్పుడల్లా బడిలో ‘పనిమనిషి భాష’ అని ఏడిపించారు. ఇంటికొచ్చి ఆ మాట అనడమే మానేసింది. నా కోపం అక్కడిది.

కొబ్బరితోట: ఆ సంగతి ముందే చెప్పవలసింది. అది మాట మీద చిన్నచూపు కాదు, ఇండొనేషియా నుంచి వచ్చి మా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల మీద. నాకూ సిగ్గుగా ఉంది. ‘బోలెహ్’ విషయంలో మాత్రం నా మాట మారదు.

జకార్తావాసి: నాదీ మారదు. జకార్తాలో ఎప్పుడైనా రాలేకపోతే ‘తిడాక్ బిసా దాతాంగ్’ అని పంపండి.