న్యూరో మందులు ఎంత చదివినా గుర్తుండట్లేదు, మీరెలా రివైజ్ చేశారు?

నైట్‌డ్యూటీ_ఇంటర్న్:
అన్నలూ అక్కలూ, చిన్న హెల్ప్ కావాలి. ఇంటర్న్‌షిప్ చేస్తూనే నీట్ పీజీకి చదువుతున్నా, మిగతా సిస్టమ్స్ ఏదోలా లాగించేస్తున్నా గానీ న్యూరో దగ్గరికొచ్చేసరికి బుర్ర మొరాయిస్తోంది. రాత్రి ఫిట్స్ మందుల టేబుల్ మొత్తం బట్టీ కొడతా, పొద్దున్న క్వశ్చన్ బ్యాంక్ తెరిస్తే ఫెనిటాయిన్‌కి చిగుళ్లు పెరుగుతాయన్న ముక్క తప్ప ఏమీ రాదు. పార్కిన్సన్స్, మయస్థీనియా (కండరాలు నీరసించే జబ్బు), మైగ్రేన్ అన్నీ కలగాపులగం. మీరు రోగం పట్టుకుని మందులు చదివారా, మందు పట్టుకుని రోగాలు చదివారా?

మెడిసిన్_రెసిడెంట్:
తమ్ముడో చెల్లో తెలీదు గానీ ముందు ఆ టేబుల్ పక్కన పడెయ్. ఈ రోగానికి మందేంటి అని సూటిగా అడిగేది తక్కువ, ఓ పేషెంట్ కథ చెప్పి ఇక్కడ ఏది ఇవ్వకూడదు అన్న దారిలోనే తిప్పుతారు, అందుకే నేను ప్రతి రోగానికీ ఏది ఇస్తే ముదురుతుందో ముందు అదే చదివా. క్లాసులో కూర్చున్న పిల్ల కాసేపు బ్లాంక్‌గా చూసి మళ్లీ మామూలైపోతుంది, ఈఈజీలో 3 హెర్ట్జ్ స్పైక్ అండ్ వేవ్, అంటే ఆబ్సెన్స్ రకం ఫిట్స్. ఇథోసక్సిమైడ్ అని అందరూ చెప్తారు, కానీ కార్బమాజెపైన్ ఇస్తే ఇంకా ఎక్కువవుతాయి, జేఎంఈలో (టీనేజ్‌లో మొదలయ్యే ఓ రకం ఫిట్స్ జబ్బు) జెర్క్స్, అంటే ఒళ్లు ఉలిక్కిపడటం, కూడా అంతే. అదే కార్బమాజెపైన్ ట్రైజెమినల్ న్యూరాల్జియాకి (ముఖంలో నరం నొప్పి) మాత్రం ఫస్ట్ చాయిస్. పార్కిన్సన్స్‌కి లెవోడోపా వేసుకునే పెద్దాయనకి వాంతులని మెటోక్లోప్రమైడ్ రాశావా, కొంప మునిగినట్టే, అది మెదడులోకెళ్లి డోపమైన్ రిసెప్టర్లని బ్లాక్ చేస్తుంది. డోంపెరిడోన్ లోపలికి పెద్దగా పోదు కాబట్టి అది రాస్తాం. మయస్థీనియాలో జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్, గుండెజబ్బు ఉన్న మైగ్రేన్ పేషెంట్‌కి ట్రిప్టాన్లు, ఇలా ఎందుకు వద్దో ఆలోచిస్తుంటే మెకానిజం దానంతటదే వచ్చేస్తుంది.

ఫార్మా_అక్క:
బాగానే ఉంది గానీ వద్దు అన్నవే పట్టుకుంటే ఎమర్జెన్సీ క్వశ్చన్లలో దొరికిపోతారు, అక్కడ వరస ముఖ్యం. ఫిట్స్ 5 నిమిషాలు దాటినా ఆగలేదంటే స్టేటస్ ఎపిలెప్టికస్ కిందే లెక్క, ముందు ఐవీ లోరాజెపామ్, లైన్ దొరక్కపోతే కండకి మిడజోలం. అయినా ఆగకపోతే ఫాస్‌ఫెనిటాయిన్, వాల్ప్రోయేట్, లెవెటిరాసెటామ్‌లో ఏదైనా, 2019లో వచ్చిన ట్రయల్‌లో మూడూ ఇంచుమించు సమానమే, సుమారు సగం మందిలో ఆగాయి. స్ట్రోక్ అయితే ముందు షుగరు, సీటీ చూసి, బీపీ 185/110 కిందికి తెచ్చాకే ఆల్టెప్లేస్ (రక్తం గడ్డని కరిగించేది). 4.5 గంటల లోపు, కేజీకి 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 దాటకూడదు, అందులో 10 శాతం బోలస్. ఈ అంకెలు బట్టీ కొట్టాల్సిందే, వేరే దారి లేదు.

బ్యాక్‌బెంచ్_డాక్టర్:
మరి జీబీఎస్‌కి (గిలాన్ బారే సిండ్రోమ్, నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడేది) స్టెరాయిడ్స్ ఇస్తారు కదా? నోట్స్‌లో అలానే రాసుకున్నా.

ఫార్మా_అక్క:
కొట్టెయ్ బాబూ! జీబీఎస్‌లో స్టెరాయిడ్స్ పనిచేయవు. ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) గానీ ప్లాస్మా ఎక్స్చేంజ్ గానీ, ఏదో ఒకటి చాలు. స్టెరాయిడ్స్‌కి లొంగేది సీఐడీపీ, అలాంటి నరాల జబ్బే గానీ నెలల తరబడి సాగేది. ఆప్షన్లలో ఈ రెండూ పక్కపక్కనే పెడతారు చూడు, కావాలనే.

నైట్‌డ్యూటీ_ఇంటర్న్:
సూపర్, ఈ రూట్ ట్రై చేస్తా. ఒక్కటి చెప్పండి, జేఎంఈ ఉన్న 22 ఏళ్లమ్మాయి, వాల్ప్రోయేట్ మీద బాగానే ఉంది, పెళ్లి కుదిరింది, పిల్లలు కావాలంటోంది, వాల్ప్రోయేట్ కడుపులో బిడ్డకి మంచిది కాదు కాబట్టి మార్చాలి. ఆప్షన్లలో లెవెటిరాసెటామ్, లామోట్రిజిన్ రెండూ ఉన్నాయి, రెండూ ప్రెగ్నెన్సీలో సేఫే కదా మరి ఏది పెట్టాలి?

మెడిసిన్_రెసిడెంట్:
లెవెటిరాసెటామ్. లామోట్రిజిన్ కొందరిలో జెర్క్స్ పెంచుతుంది, పైగా వాల్ప్రోయేట్ ఉండగా మొదలుపెడితే లామోట్రిజిన్ లెవెల్ దాదాపు డబుల్ అయి ర్యాష్ రిస్క్, అందుకే చాలా మెల్లగా పెంచాలి. వాల్ప్రోయేట్ ఒక్కసారిగా ఆపెయ్యమన్న ఆప్షన్ ఉంటే దాని జోలికి పోకు, కొత్తది ఎక్కిస్తూ పాతది దించాలి, ఫోలిక్ యాసిడ్ ప్రెగ్నెన్సీకి ముందు నుంచే.