పైథాన్ బిల్లింగ్ యాప్‌ను ఈఎక్స్ఈ చేశాక బటన్ పనిచేయట్లేదు, తెల్లారేసరికి బిల్లులు మాయం

పల్నాటి కోడర్:
అందరికీ నమస్తే. మా బాబాయికి నరసరావుపేట దగ్గర ఎరువుల షాపు ఉంది, ఆయన కోసం టికింటర్‌తో (పైథాన్‌లో విండోలు, బటన్లు చేసే లైబ్రరీ) చిన్న బిల్లింగ్ యాప్ రాశాను. డేటా అంతా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో, బిల్స్ డాట్ డీబీ అనే ఫైల్‌లో ఉంటుంది. పైథాన్ కోడ్‌ను ఈఎక్స్ఈగా మార్చే పైఇన్‌స్టాలర్‌లో వన్‌ఫైల్ (అంతా ఒకే ఫైల్‌లో), విండోడ్ (నల్ల కన్సోల్ విండో లేకుండా) ఆప్షన్లు పెట్టి ఒకే ఈఎక్స్ఈగా చేసి పోయిన వారం పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఇచ్చాను. పగలంతా బాగానే ఉంటుందట, పొద్దున్నే తెరిస్తే నిన్నటి బిల్లు ఒక్కటి కూడా ఉండదట. "ఒరేయ్, నీ కంప్యూటర్ కంటే నా చిట్టా పుస్తకమే నయంరా" అంటున్నాడు. నా లాప్‌టాప్‌లో కోడ్ నేరుగా రన్ చేస్తే మాత్రం నెల క్రితం బిల్లులు కూడా ఉన్నాయి.

సరే అని కూర్చుని కొత్త వెర్షన్ చేశాను. తేదీ చేత్తో కొట్టే బాధ లేకుండా టికెక్యాలెండర్ అనే క్యాలెండర్ లైబ్రరీ పెట్టాను. ఇప్పుడు ఈఎక్స్ఈలో "కొత్త బిల్లు" బటన్ నొక్కితే ఏమీ జరగదు. ఎర్రర్ లేదు, బాక్స్ లేదు, ఏమీ లేదు. నేను కోడ్ రాసే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో అదే బటన్ చక్కగా పనిచేస్తోంది. రెండు రోజులుగా దీని మీదే ఉన్నాను, బుర్ర వేడెక్కిపోయింది.

గోడౌన్‌లో పాత విండోస్ 7 సిస్టమ్ ఇంకొకటి ఉంది. దాంట్లో అయితే అసలు తెరుచుకోనే తెరుచుకోదు, ఏపీఐ ఎంఎస్ విన్ కోర్ పాత్ అని మొదలయ్యే డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైల్) ఏదో లేదంటుంది. ఆ డీఎల్ఎల్ నెట్‌లో దొరుకుతోంది, దించుకుని పెట్టేయనా?

లాగ్ చూడు బాస్:
ముందు ఆ డీఎల్ఎల్ జోలికి వెళ్లకు తమ్ముడూ. ఊరూ పేరూ లేని సైట్ల నుంచి డీఎల్ఎల్‌లు తెచ్చి, డబ్బు లెక్కలున్న కంప్యూటర్‌లో పెట్టడం మంచిది కాదు. పైగా దానివల్ల నీ సమస్య తీరదు. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు, 3.8 ఆఖరిది. ఆ పాత సిస్టమ్ తప్పదనుకుంటే 3.8తో విడిగా బిల్డ్ చెయ్యి, లేదా బాబాయిని ఒప్పించి దాన్ని మార్పించు. నేనైతే రెండోదే చేస్తా.

ఇక బటన్ సంగతి. ఎర్రర్ రాలేదని నువ్వు అనుకుంటున్నావు కానీ వచ్చే ఉంటుంది, నీకు కనపడలేదంతే. టికింటర్ బటన్ వెనక ఏదైనా తప్పు జరిగితే అది ప్రోగ్రామ్‌ను ఆపదు, కన్సోల్‌లో ట్రేస్‌బ్యాక్ (తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే లైన్లు) రాసి ఊరుకుంటుంది. విండోడ్ పెట్టావు కాబట్టి రాయడానికి కన్సోలే లేదు. విండోడ్ తీసేసి మళ్లీ బిల్డ్ చెయ్యి. ఈఎక్స్ఈని డబుల్ క్లిక్ చేయకుండా కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపి, అదే బటన్ నొక్కి, ఏం వచ్చిందో ఆఖరి లైన్ ఇక్కడ పెట్టు. యాప్ పూర్తిగా కుదిరేదాకా విండోడ్ ముట్టుకోకు.

పల్నాటి కోడర్:
అన్నా, నిజంగానే వచ్చింది! ఆఖరి లైన్: మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్, నో మాడ్యూల్ నేమ్డ్ బేబెల్ డాట్ నంబర్స్. కానీ బేబెల్ నా దగ్గర ఉంది, పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసేది) తీసేసి మళ్లీ వేశాను, ఒకటి కాదు మూడుసార్లు. అదే ఎర్రర్. నా కోడ్‌లో బేబెల్ అనే మాటే లేదు కదా, ఎక్కడినుంచి వచ్చింది ఇది?

రాత్రి డ్యూటీ:
బిల్డ్ ఫోల్డర్‌లో వార్న్ అని మొదలయ్యే టెక్స్ట్ ఫైల్ ఒకటి ఉంటుంది చూడు బ్రో, దొరకని మాడ్యూళ్ల పేర్లన్నీ అందులో రాస్తుంది.

లాగ్ చూడు బాస్:
ఆ ఫైల్ మంచిదే కానీ ఈ కేసులో దొరకదు. కోడ్‌లో ఇంపోర్ట్ (వేరే మాడ్యూల్‌ను పిలిచే లైన్) కనపడి, ఆ మాడ్యూల్ మాత్రం దొరక్కపోతేనే పేరు అందులోకి ఎక్కుతుంది. ఇక్కడ ఇంపోర్టే దాని కంట పడలేదు.

పైఇన్‌స్టాలర్ నీ ప్రోగ్రామ్‌ను నడిపి చూడదు. నీ ఫైల్ చదివి, అందులో ఇంపోర్ట్ అయినవాటిని చదివి, వాటిలో ఇంపోర్ట్ అయినవాటిని చదివి, అలా వెతుక్కుంటూ పోయి మూట కడుతుంది. టికెక్యాలెండర్ లోపల బేబెల్‌ను (భాషలవారీగా తేదీలు రాసే లైబ్రరీ) వాడుతుంది, అక్కడిదాకా బాగానే పట్టుకుంటుంది. కానీ బేబెల్ ఒక్కో భాషకు వారాలు, నెలల పేర్లను పికిల్ చేసిన (పైథాన్ ఆబ్జెక్టులను అలాగే మూటగట్టిన) డీఏటీ ఫైళ్లలో దాచుకుంటుంది. ఆ ఫైల్ విప్పినప్పుడు అందులోని ఆబ్జెక్టుల కోసం బేబెల్ డాట్ నంబర్స్ అప్పటికప్పుడు కావాల్సి వస్తుంది. డేటా ఫైల్ లోపల ఉన్న ఆ పేరును పైఇన్‌స్టాలర్ ఎలా చూస్తుంది? నీ లాప్‌టాప్‌లో బేబెల్ మొత్తం ఉంది కాబట్టి నడిచింది, మూటలోకి అది రాలేదు. పిప్‌తో ముప్పైసార్లు వేసినా అంతే.

కమాండ్‌లో హిడెన్ ఇంపోర్ట్ ఆప్షన్ పెట్టి బేబెల్ డాట్ నంబర్స్ అని ఇవ్వు. స్పెక్ ఫైల్‌తో (బిల్డ్ సెట్టింగ్స్ రాసి ఉండే ఫైల్) బిల్డ్ చేస్తుంటే మాత్రం అందులోని హిడెన్ ఇంపోర్ట్స్ లిస్టులో రాయాలి, స్పెక్ ఇచ్చాక కమాండ్ లైన్‌లో ఆ ఆప్షన్ చెల్లదు. నేను ఒకసారి ఇక్కడే ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

కాఫీ బ్రేక్:
బిల్లుల మాయం గురించి ఎవరూ చెప్పలేదేంటి, అసలు ప్రమాదం అదే. డీబీ ఫైల్ పాత్ ఎలా రాశావు? డబుల్ అండర్‌స్కోర్ ఫైల్ (కోడ్ ఫైల్ ఎక్కడుందో చెప్పే పేరు) వాడి, స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టావు కదూ?

వన్‌ఫైల్ ఈఎక్స్ఈ తెరిచిన ప్రతిసారీ తనలో ఉన్నదంతా విండోస్ టెంప్‌లో ఒక కొత్త ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది, పేరు అండర్‌స్కోర్ ఎంఈఐ అని మొదలై పక్కన అంకెలుంటాయి. నీ కోడ్‌కు స్క్రిప్ట్ ఉన్న చోటు అంటే అదే. బిల్స్ డాట్ డీబీ అక్కడే పుడుతుంది. విండో మూసేయగానే పైఇన్‌స్టాలర్ ఆ ఫోల్డర్‌ను తుడిచేస్తుంది. అంటే మీ బాబాయి మధ్యాహ్నం అన్నానికి వెళ్తూ మూసేసినా పొద్దుటి బిల్లులు పోయినట్టే.

యాప్‌తో పాటు వచ్చే లోగో, ఫాంట్ లాంటివి పైఇన్‌స్టాలర్ యాడ్ డేటా ఆప్షన్‌తో లోపల పెట్టి ఆ టెంప్ ఫోల్డర్ నుంచే చదువుకో, ఇబ్బంది లేదు. యాప్ రాసే ఫైల్ మాత్రం అందులో ఉండకూడదు. పైథాన్ సిస్ మాడ్యూల్‌లో ఫ్రోజెన్ (ఈఎక్స్ఈగా నడుస్తోందనే గుర్తు) ఉందో లేదో చూసి, ఉంటే సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ (ఈఎక్స్ఈ పాత్) ఉన్న ఫోల్డర్ తీసుకో, లేదా విండోస్‌లో ఒక్కో యూజర్‌కు ఉండే లోకల్ యాప్ డేటాలో నీ యాప్ పేరుతో ఫోల్డర్ చేసుకో. ఈఎక్స్ఈని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెడితే పక్కన రాయడానికి విండోస్ మామూలుగా ఒప్పుకోదు, అందుకే నా ఓటు లోకల్ యాప్ డేటాకే.

ఇంకో మాట. యాప్ నడుస్తుండగా ఎప్పుడైనా కరెంటు పోయి సిస్టమ్ ఆగిందా? అలా ఆగితే తుడిచే అవకాశం దానికి ఉండదు, ఫోల్డర్ అలాగే మిగిలిపోతుంది. రన్ బాక్స్‌లో టెంప్ అనే మాటకు రెండు పక్కలా పర్సెంట్ గుర్తు పెట్టి ఎంటర్ కొట్టు, ఎంఈఐ ఫోల్డర్లు ఉన్నాయేమో వెతుకు. డిస్క్ క్లీనప్ లాంటివి నడపకముందే చూడు.

రాత్రి డ్యూటీ:
వీలైతే వన్‌ఫైల్ వదిలేసి వన్‌డిర్‌కు (అన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంచే పద్ధతి) మారు బ్రో, త్వరగా తెరుచుకుంటుంది. వన్‌ఫైల్ ఈఎక్స్ఈని యాంటీవైరస్ అనుమానించి ఎత్తేయడం నేను చాలాసార్లు చూశాను. యూపీఎక్స్ కంప్రెషన్ ఉంటే అదీ తీసేయ్.

పల్నాటి కోడర్:
ఇప్పుడే షాపు నుంచి రాస్తున్నాను. హిడెన్ ఇంపోర్ట్ పెట్టాక క్యాలెండర్ వచ్చేసింది. డీబీని లోకల్ యాప్ డేటాకు మార్చాను, నాలుగుసార్లు మూసి తెరిచాను, బిల్లులు ఉన్నాయి. విండోస్ 7 సంగతి బాబాయికి చెప్పాను, దసరా తర్వాత చూద్దాంలే అన్నాడు.

టెంప్‌లో ఎంఈఐ ఫోల్డర్లు రెండు దొరికాయి. ఒకటి నేను టాస్క్ మేనేజర్‌లో యాప్‌ను చంపినప్పటిది, ఖాళీ డీబీ. రెండోది మంగళవారం కరెంటు పోయినప్పటిది, అందులో తొమ్మిది బిల్లులున్నాయి. అందులో ఒకాయన ఆరు బస్తాల యూరియా అప్పు మీద తీసుకెళ్లాడట, ఆ ఒక్క బిల్లు కోసమే బాబాయి నాలుగు రోజులుగా నన్ను తిడుతున్నాడు. మిగతా రోజులవి దొరకలేదు, వాటిని చిట్టా పుస్తకం చూసి నేనే కూర్చుని ఎక్కిస్తున్నాను.