రిటర్న్ టికెట్టు మీద ఇంకొకరు పోవచ్చా?

కావలి నుంచి ప్రశ్న:
అన్నా, ఒక సందేహం. మా తమ్ముడు సికింద్రాబాద్ నుంచి సింహపురిలో వచ్చాడు, రానూ పోనూ రెండు టికెట్లూ ఒకేసారి ఫోన్లో బుక్ చేసుకున్నాడు, స్లీపర్ కన్ఫర్మ్, ఆదివారం తిరుగు ప్రయాణం. అమ్మకి బాలేక ఇంకో వారం ఉండిపోతున్నాడు. మా బావమరిది అదే రోజు పోవాల. డబ్బులు కట్టేసిన బెర్తే కదా, ఇద్దరిదీ ఒకే ఈడు, ఆ టికెట్టు మీద పంపిస్తే ఏమన్నా అవుద్దా?

నెల్లూరు నుంచి జవాబు:
పంపించొద్దన్నా. డబ్బులు కట్టినా ఆ బెర్తు మీ తమ్ముడి పేరు మీదే ఉంది, టీటీఈ కార్డు అడిగితే మీ బావమరిది ఎవురి ఆధార్ చూపిస్తాడు? రైల్వే చట్టం 1989లో 142వ సెక్షన్ సరిగ్గా ఇదే చెప్తుంది, రిజర్వేషన్ టికెట్టు గానీ రిటర్న్ టికెట్టులో సగం (పోయేదానికో ముక్క, వచ్చేదానికో ముక్క ఉండేది కదా, వాటిలో ఒకటి) గానీ ఇంకొకరు ప్రయాణం చేసేదానికి ఇస్తే, ఇచ్చినోళ్లకి మూడు నెలల దాకా జైలు, లేదా 500 దాకా జరిమానా, లేదా రెండూ. ఎక్కినోడిని టికెట్టు లేనోడి కిందే లెక్కేస్తారు.

దారి లేదని కాదు. కన్ఫర్మ్ టికెట్టుని అమ్మానాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్యాభర్త, పిల్లలు, వీళ్ల పేరుకి మార్పించుకోవచ్చు. బండికి 24 గంటల ముందు రిజర్వేషన్ కౌంటర్‌కి పోయి టికెట్టు ప్రింటు, ఇద్దరి కార్డులు, చుట్టరికం తెలిసే రేషన్ కార్డు లాంటిది పెట్టి అర్జీ రాసియ్యాల, అదీ ఒక్కసారే. మీరు సొంత అన్న కాబట్టి మీరు పోతానంటే కుదురుద్ది, బావమరిది ఆ లిస్టులో లేడు. అందుకని ఇవాళే క్యాన్సిల్ చేయించండి, లేటయ్యేకొద్దీ కోత పెరుగుద్ది. ఆయనకి శనివారం పొద్దున 11కి స్లీపర్ తత్కాల్ చూడండి, ఆన్‌లైన్లో అయితే ఆధార్ లింకు ముందే చేసిపెట్టుకోండి.

ఒంగోలు నుంచి:
ఇందులోనే నాదీ ఒకటి. విమానాల్లో పోయేటప్పుడు ఎక్కకపోతే తిరుగు టికెట్టు కూడా పోద్దంటారే, రైల్లోనూ అంతేనా?

నెల్లూరు నుంచి జవాబు:
కాదండీ, దేని పీఎన్ఆర్ దానిదే. పోయేది ఎక్కకపోయినా వచ్చేది అట్టనే ఉంటది. 2025 అక్టోబర్, నవంబర్ పండగలకి తిరుగు ప్రయాణం బేస్ ఫేర్‌లో 20 శాతం తగ్గించి ఒక స్కీమ్ పెట్టారు చూడండి, దాంట్లో మాత్రం రెండు వైపులా అవే పేర్లు, అదే క్లాసు ఉండాల, మార్పులుండవు, రీఫండూ లేదు.

కావలి నుంచి:
సరేనన్నా. ఇంకోటి, మొన్న నెల్లూరు నుంచి కావలికి జనరల్లో వచ్చా, ఎవురూ చూడలా, గేటు దగ్గర కూడా అడగలా. టికెట్టు మీద పెన్ను గీత కూడా లేదు. దాచిపెట్టుకోమంటున్నారు కొందరు.

నెల్లూరు నుంచి జవాబు:
199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్టుకి మూడు గంటలే టైము, లేదా ఆ ఊరికి పోయే మొదటి బండి దాకా, ఏది తర్వాతైతే అది. కాబట్టి అది ఎప్పుడో చెల్లిపోయింది. వాడేసిన టికెట్టుని, వాడేసిన రిటర్న్ సగాన్ని మళ్లీ చూపిస్తే 137వ సెక్షన్, ఆరు నెలల దాకా జైలు, లేదా 1000 దాకా జరిమానా, లేదా రెండూ.

కానీ సెక్షన్లు పక్కన పెట్టి ఒక మాట చెప్తా. అట్టముక్క టికెట్ల రోజుల్లో మా నాయన నన్ను నెల్లూరు కంటాసుపత్రికి తీసకపోయి రిటర్న్‌లో తెచ్చేవాడు. ఒకసారి మా స్టేషన్లో దిగితే గేటు దగ్గర టికెట్లు తీసుకునేదానికి ఎవురూ లేరు. ఆ రెండు సగాల ముక్కలూ చేతిలో పట్టుకుని స్టేషన్ మాస్టర్ రూముకి పోయి టేబుల్ మీద పెట్టి వచ్చాడు. నేనెందుకు నాయనా అంటే, మనం వచ్చేశాం కదా, ఇంక ఇవి మనవి కాదు అన్నాడు. మీ దగ్గరున్నది చించేయండన్నా.

కావలి నుంచి:
చించేశా. తమ్ముడి టికెట్టు కూడా ఇప్పుడే క్యాన్సిల్ కొట్టించా, మెసేజ్ వచ్చింది. బావమరిదికి తత్కాల్ దొరక్కపోతే జనరల్లోనే పోతానన్నాడు.